సిక్స్త్ ఫామ్ లో కంప్యూటర్ సైన్స్: మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల ప్రశ్నలు ఎక్కువగా ఇంగ్లండ్ లో ఉంటున్న మనవాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి, అన్నీ దాదాపు ఒకే సబ్జెక్ట్ మీద, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: అక్కడ పదహారేళ్ళకి జీసీఎస్ఈ పరీక్షలు అయిపోయాక ఇయర్ 12, ఇయర్ 13 అని రెండేళ్ళు చదివేదే సిక్స్త్ ఫామ్. మన ఇంటర్ వయసే, కాకపోతే ఎంపీసీ, బైపీసీ అని గ్రూపులు ఉండవు, పిల్లలే ఒక మూడు సబ్జెక్టులు ఎంచుకుంటారు, కొందరు నాలుగు కూడా తీసుకుంటారు, వాటినే ఏ లెవెల్స్ అంటారు. నేను అక్కడ సిక్స్త్ ఫామ్ పిల్లలకి కంప్యూటర్ సైన్స్ చెప్తాను కాబట్టి క్లాసులో రోజూ చూసేదే రాస్తున్నా.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు ఇయర్ 11. ఏ లెవెల్స్ కి మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ తీసుకుంటా అంటున్నాడు. మావారి ఆఫీసులో ఫ్రెండ్స్ ఏమో కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ దండగ, యూనివర్సిటీలు అసలు అడగవు, దాని బదులు ఫర్దర్ మ్యాథ్స్ (మ్యాథ్స్ కాకుండా విడిగా తీసుకునే ఇంకో పైస్థాయి మ్యాథ్స్ ఏ లెవెల్) పెట్టించండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక అమ్మ, రెడింగ్

జవాబు: అమ్మా, వాళ్ళు చెప్పినదాంట్లో యూనివర్సిటీలు అడగవన్న మాట నిజమే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ ఏది చూసినా కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి మ్యాథ్స్ ఏ లెవెల్ తప్పనిసరి, కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ తప్పనిసరి కాదు. కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ వాళ్ళు టీఎంయూఏ అని ఒక ఎంట్రన్స్ టెస్ట్ కూడా పెడతారు, రెండు పేపర్లు, ఒక్కోదానికి 75 నిమిషాలు, 20 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు, అందులో ఉండేది మొత్తం మ్యాథ్స్, లాజిక్. కాబట్టి మ్యాథ్స్ వదిలేసి కంప్యూటర్ సైన్స్ తీసుకుంటా అని ఎవరన్నా అంటే మాత్రం గట్టిగా వద్దని చెప్తాను. మీవాడు మ్యాథ్స్ పెట్టుకున్నాడు కదా, ఇంక ఆ భయం లేదు.

అయితే యూనివర్సిటీలు ఎందుకు అడగవో కూడా తెలుసుకోవాలి, పనికిరాదని కాదు, చాలా స్కూళ్ళలో అసలు ఈ సబ్జెక్టే లేదు, చెప్పే టీచర్లు దొరకరు, అందరికీ అందుబాటులో లేనిదాన్ని తప్పనిసరి చేస్తే ఆ స్కూళ్ళ పిల్లలకి అన్యాయం అవుతుంది. 2024 లో మ్యాథ్స్ ఏ లెవెల్ రాసినవాళ్ళు లక్ష దాటారు, కంప్యూటర్ సైన్స్ రాసినవాళ్ళు సుమారు 20 వేలు. ఇంకో సంగతి, ఇంగ్లండ్ స్కూళ్ళలో ఒకప్పుడు ఐసీటీ అని ఉండేది, ఎక్కువ భాగం వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ వాడకమే. 2012 జనవరిలో అప్పటి విద్యా మంత్రి మైకేల్ గోవ్ అది తీసేస్తున్నాం అని ప్రకటించాడు, 2014 సెప్టెంబర్ నుంచి కంప్యూటింగ్ అనే కొత్త సబ్జెక్ట్ చిన్న క్లాసుల నుంచే మొదలైంది. ఆ పాత ఐసీటీ ని మనసులో పెట్టుకుని దండగ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఇప్పుడు నడుస్తున్న సిలబస్ వాళ్ళు ఒక్కసారి తెరిచి చూస్తే బాగుండు అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే అందులో డేటాని అమర్చుకునే పద్ధతులైన స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్, ట్రీ, గ్రాఫ్, హ్యాష్ టేబుల్ ఉంటాయి, అన్నిటికంటే దగ్గర దారి వెతికే డైక్‌స్ట్రా అల్గోరిథమ్ చేత్తో వేసి చూపించాలి, బైనరీలో నెగెటివ్ నంబర్లు, దశాంశాలు ఎలా దాచుకుంటారో లెక్క చెయ్యాలి, లాజిక్ గేట్లు, బూలియన్ ఆల్జీబ్రా, ప్రాసెసర్ లోపల ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఎలా నడుస్తుందో, డేటాబేస్ ని నార్మలైజ్ చెయ్యడం, ఎస్‌క్యూఎల్, నెట్‌వర్క్ లో ప్యాకెట్లు ఎలా వెళ్తాయో, ఇంకా ఏక్యూఏ బోర్డు అయితే (ఏక్యూఏ, ఓసీఆర్ అనేవి అక్కడ పరీక్షలు పెట్టే బోర్డులు) ట్యూరింగ్ మెషీన్ అనే ఊహాత్మక కంప్యూటర్, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కూడా. బీటెక్ లో మనం రెండో ఏడు, మూడో ఏడు ముట్టుకున్నవి చాలా ఇక్కడ పదిహేడేళ్ళకే మొదలెడతారు, అంత లోతుకి వెళ్ళరనుకోండి.

ఫర్దర్ మ్యాథ్స్ మంచిదే, టాప్ యూనివర్సిటీలకి చాలా ఉపయోగం. మీ బాబుకి మ్యాథ్స్ నిజంగా ఇష్టమైతే మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ అని మూడు పెట్టుకోవచ్చు, స్కూల్ ఒప్పుకుంటే ఫిజిక్స్ నాలుగోది. ఇష్టం లేకుండా ఫర్దర్ మ్యాథ్స్ లో తోసేస్తే మాత్రం రెండేళ్ళు నలిగిపోతాడు. ఒక పని చెయ్యండి, ఏక్యూఏ, ఓసీఆర్ రెండు బోర్డుల పాత పేపర్లు ఫ్రీగా దొరుకుతాయి, ఒకటి ప్రింట్ తీసి వాడి ముందు పెట్టండి, ఆన్సర్ చెయ్యమని కాదు, ఊరికే చదవమని. చదివాక "ఇది ఎలా చేస్తారో తెలుసుకోవాలి" అన్నాడంటే తీసుకోనివ్వండి. "ఇందులో కోడింగ్ ఎక్కడుంది" అని మొహం చిట్లిస్తే ఇంకాస్త ఆలోచించుకోమనండి.

ప్రశ్న: మేడమ్, మావాడు చిన్నప్పట్నుంచి కోడింగ్ లో పులి. గేములు చేసి ఫ్రెండ్స్ కి ఇస్తాడు. ఇయర్ 12 మాక్ పరీక్షల్లో (అసలు పరీక్షకి ముందు స్కూల్లో పెట్టేవి) కంప్యూటర్ సైన్స్ లో డి వచ్చింది, మ్యాథ్స్ లో ఏ వచ్చింది. మాకు ఏం అర్థం కావట్లా. టీచర్ సరిగ్గా చెప్పట్లేదా?
— ఒక నాన్న, మాంచెస్టర్

జవాబు: టీచర్ సంగతి నేను చెప్పలేను గానీ, ఇలాంటి పిల్లలు నాకు ప్రతి ఏడూ కనపడతారు, కాబట్టి భయపడకండి, ఇది సరిదిద్దుకునేదే. ఇంట్లో కోడ్ రాసేటప్పుడు రన్ కొడతాడు, తప్పొస్తే ఇంకోలా మార్చి మళ్ళీ రన్ కొడతాడు, నడిచేదాకా అలా కొడుతూనే ఉంటాడు, ఎందుకు నడిచిందో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పరీక్షలో అడిగేది సరిగ్గా ఆ ఎందుకు అనేదే.

ఉదాహరణకి బైనరీ సెర్చ్ లీనియర్ సెర్చ్ కంటే ఎందుకు మేలు అని అడిగారనుకోండి. మీవాడు "ఫాస్ట్ గా ఉంటుంది" అని రాస్తాడు, దానికి మార్కు రాదు. లిస్ట్ ముందే వరసలో ఉండాలి, ప్రతిసారీ మధ్యలోది చూసి సగం పక్కన పడేస్తాం, అందుకని వెయ్యి పేర్లుంటే పది సార్లు, పది లక్షల పేర్లున్నా ఇరవై సార్లు చూస్తే చాలు, టైమ్ లాగ్ ఎన్ లెక్కన పెరుగుతుంది అని రాయాలి. ఇదంతా వాడికి తెలిసే ఉంటుంది, కాగితం మీద పెట్టడం అలవాటు లేదంతే.

ఇంకోటి, పైథాన్ లో 0.1 కి 0.2 కలపమని అడిగితే 0.30000000000000004 అని వస్తుంది, వాడు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటాడు, రౌండ్ చేసేసి ముందుకెళ్ళిపోయి ఉంటాడు. 0.1 ని బైనరీలో సరిగ్గా రాయడం కుదరదు, అంతులేకుండా పోతుంది, ఎక్కడో ఒకచోట కత్తిరించాలి, అందుకే ఆ చివర్న 4 వస్తుంది. ఫ్లోటింగ్ పాయింట్ చాప్టర్ మొత్తం దీని గురించే, మ్యాంటిసా (సంఖ్యలోని అంకెలు) ఎన్ని బిట్లు, ఎక్స్‌పోనెంట్ (ఘాతం) ఎన్ని బిట్లు, ఒకటి పెంచితే ఇంకోటి ఏమవుతుంది అని. అలాగే 8 బిట్లలో టూస్ కాంప్లిమెంట్ (బైనరీలో నెగెటివ్ నంబర్లు రాసే పద్ధతి) అయితే −128 నుంచి 127 దాకానే, 127 కి ఒకటి కలిపితే −128 కి ఎందుకు పడిపోతుందో వాడిని ఒక కాగితం మీద వేసి మీకు చూపించమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగాడంటే మార్కులు వాటంతటవే వస్తాయి.

రోజుకి ఒక్క ట్రేస్ టేబుల్, అంతే నేను అడిగేది. ఇరవై లైన్ల కోడ్ తీసుకుని, కంప్యూటర్ ముట్టుకోకుండా, ప్రతి లైను తర్వాత ఏ వేరియబుల్ విలువ ఎంతో గళ్ళు గీసి రాసుకుంటూ పోవాలి. విసుగ్గా ఉంటుంది, కోడింగ్ బాగా వచ్చిన పిల్లలకి ఇంకా విసుగు, కానీ నేను చూసినంతవరకు దీనంత పనిచేసేది ఇంకోటి లేదు.

వాడి బోర్డు ఏదో కనుక్కోండి. ఏక్యూఏ అయితే పేపర్ 1 కంప్యూటర్ మీదే రాస్తారు, రెండున్నర గంటలు, 100 మార్కులు, ముందే స్కెలిటన్ కోడ్ అని ఒక పెద్ద ప్రోగ్రామ్ ఇస్తారు, పరీక్షలో దాన్ని మార్చమంటారు, అంటే వేరేవాళ్ళు రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవాలి, ఇంట్లో తన కోడే తాను రాసుకునేవాళ్ళకి ఇది కొత్త. ఓసీఆర్ అయితే రెండు పేపర్లూ కాగితం మీదే, ఒక్కోటి 140 మార్కులు.

మీరు మాంచెస్టర్ లోనే ఉన్నారు కాబట్టి ఒక ఆదివారం సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం కి తీసుకెళ్ళండి. అక్కడ బేబీ అనే మెషీన్ కి రెప్లికా ఉంది. ప్రోగ్రామ్ ని తన మెమరీలోనే పెట్టుకుని నడిచిన మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అది, 1948 జూన్ 21 న మీ ఊళ్ళోనే నడిచింది. మెమరీ ఎంతో తెలుసా, 32 వర్డ్స్, ఒక్కోటి 32 బిట్లు, మొత్తం 1024 బిట్లు. టామ్ కిల్‌బర్న్ రాసిన 17 ఇన్‌స్ట్రక్షన్ల ప్రోగ్రామ్, 2,62,144 ని నిశ్శేషంగా భాగించేవాటిలో, ఆ సంఖ్యని తప్పిస్తే, అన్నిటికంటే పెద్దది ఏదో వెతకడం దాని పని, 52 నిమిషాలు నడిచి 1,31,072 అని ఆన్సర్ ఇచ్చింది. దానికి కూడిక రాదు, తీసివేత ఒక్కటే. మరి కూడాలంటే? ఒక సంఖ్యని మైనస్ గా మార్చి, దాన్ని తీసెయ్యాలి. ఆ మెషీన్ ముందు నిలబెట్టి ఈ ఒక్క ప్రశ్న అడగండి మీవాడిని, అప్పుడు అసెంబ్లీ లాంగ్వేజ్ (ప్రాసెసర్ కి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ గా రాసే భాష) చాప్టర్ మీద వాడికి ఆసక్తి వస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: హాయ్ ఆంటీ, నేను ఇయర్ 12. సమ్మర్ లోపు ఎన్ఈఏ ప్రాజెక్ట్ ఐడియా ఇవ్వాలి. నాన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్, ఏఐ తో స్టాక్ మార్కెట్ ప్రిడిక్షన్ యాప్ చెయ్యి, నేను హెల్ప్ చేస్తా అంటున్నారు. మా సర్ ఏమో కొంచెం ఆలోచించుకో అన్నారు. నాకు ఇద్దర్లో ఎవరి మాట వినాలో తెలీట్లేదు.
— క్రాయ్‌డన్ నుంచి

జవాబు: నాన్నా, సర్ మాట విను. మీ నాన్నగారికి ఇది చూపించు, ఆయనకీ నచ్చుతుంది ఎందుకో చెప్తే.

ఎన్ఈఏ అంటే రెండేళ్ళ మార్కుల్లో 20 శాతం, నువ్వు సొంతంగా ఒక సమస్య తీసుకుని, ఎవరికి అవసరమో వాళ్ళతో మాట్లాడి, డిజైన్ చేసి, కోడ్ రాసి, టెస్ట్ చేసి, అది నిజంగా పనికొచ్చిందా లేదా అని రాసే రిపోర్ట్. స్టాక్ ప్రిడిక్షన్ లో ఏమవుతుందంటే, లైబ్రరీ ఒకటి ఇంపోర్ట్ చేస్తావు, డేటా ఇస్తావు, మోడల్ ఏదో ఒకటి చెప్తుంది. ఇందులో నువ్వు రాసిన అల్గోరిథమ్ ఏది? ఎగ్జామినర్ చూసేది అదే. ఇంకా కష్టం ఏంటంటే సక్సెస్ అయ్యిందని ఎలా నిరూపిస్తావు, రేపు షేర్ పెరుగుతుందంది, పెరిగింది, అది ప్రోగ్రామ్ గొప్పదనమా అదృష్టమా నువ్వు చెప్పలేవు, ఎవరూ చెప్పలేరు. పైగా దాన్ని వాడే మనిషి ఎవరు, ఎవర్ని ఇంటర్వ్యూ చేస్తావు?

నీ చుట్టూ చూడు, మన తెలుగు అసోసియేషన్లలో బ్యాడ్మింటన్ టోర్నమెంట్ పెడతారు కదా, ఎవరో ఒక అంకుల్ రాత్రంతా కూర్చుని ఎక్సెల్ లో మ్యాచ్‌లు వేస్తారు, తెల్లారి చూస్తే ఒకే మనిషి డబుల్స్ లో, మిక్స్‌డ్ డబుల్స్ లో ఒకే టైమ్ కి రెండు కోర్టుల్లో ఉండాల్సి వస్తుంది, గొడవ. 12 జోడీలు ఒకళ్ళతో ఒకళ్ళు అందరూ ఆడితే 66 మ్యాచ్‌లు, నాలుగు కోర్టులే ఉన్నాయి, హాల్ ఆరింటికి ఖాళీ చెయ్యాలి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి పొద్దున్నే మ్యాచ్ పెట్టకూడదు. చూశావా, చూడ్డానికి చిన్నది, లోపల గ్రాఫ్ కలరింగ్ (క్లాష్ అయ్యేవాటిని వేరువేరు స్లాట్లలో పెట్టడం) ఉంది, రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) తో బ్యాక్‌ట్రాకింగ్ (కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకోటి ప్రయత్నించడం) ఉంది, డేటాబేస్ ఉంది. ఆ అంకుల్ నీ క్లయింట్. ఆయన్ని అడిగితే అరగంట కాదు, గంట చెప్తారు, అదంతా నీ అనాలిసిస్. షెడ్యూల్ వచ్చాక ఒక్క క్లాష్ కూడా లేదని ప్రోగ్రామ్ తోనే చెక్ చేసి చూపించొచ్చు, అది సాక్ష్యం. నువ్వు ఇదే చెయ్యాలని కాదు, తెలుగు బడి క్లాసుల టైమ్‌టేబుల్ కావచ్చు, మీ అమ్మమ్మ మందుల లెక్క కావచ్చు, నీకు తెలిసిన ఒక మనిషికి నిజంగా ఉన్న ఇబ్బంది అయితే చాలు.

రాయడం మొదలెట్టే ముందు మార్కులు ఎక్కడున్నాయో చూసుకో, బోర్డుని బట్టి చాలా తేడా. ఏక్యూఏ లో మొత్తం 75, అందులో కోడ్ కి, అంటే టెక్నికల్ సొల్యూషన్ కి 42, చివరి ఇవాల్యుయేషన్ కి 4 మాత్రమే. ఓసీఆర్ లో మొత్తం 70, అనాలిసిస్ 10, డిజైన్ 15, డెవలప్‌మెంట్ 25, ఇవాల్యుయేషన్ 20. ఓసీఆర్ పిల్లలు ఏప్రిల్ దాకా కోడ్ లోనే మునిగి ఇవాల్యుయేషన్ ని రెండు పేజీల్లో తేల్చేస్తే ఎంత పోతుందో నువ్వే లెక్కేసుకో. ప్రతి వారం ఏం చేశావో, ఏది పగిలిందో, ఎలా బాగు చేశావో స్క్రీన్‌షాట్ తో అప్పటికప్పుడు రాసి పెట్టుకో, ఆఖర్లో గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు. ఇయర్ 13 మే నెలకల్లా మార్కులు బోర్డుకి వెళ్ళిపోతాయి, స్కూల్ పెట్టే డెడ్‌లైన్ అంతకంటే ముందే ఉంటుంది.

నాన్న హెల్ప్ సంగతి. ఇది నా సొంత పని అని నువ్వు సంతకం పెట్టాలి, మీ సర్ కూడా పెట్టాలి. నాన్న కోడ్ లో ఒక్క ఫంక్షన్ రాసిచ్చినా అది నీది కాదు. చాట్‌జీపీటీ రాసిచ్చినా అంతే, దాన్ని నీదిగా చూపిస్తే మాల్‌ప్రాక్టీస్ కింద లెక్క, మార్కులు పోవడం నుంచి డిస్‌క్వాలిఫై అయ్యేదాకా వెళ్తుంది, ఎక్కడైనా వాడితే వాడానని రాయాల్సిందే, ఆ ముక్కకి మార్కులు ఆశించకూడదు. కానీ నాన్న చెయ్యగలిగిన గొప్ప సాయం ఇంకోటి ఉంది. వారానికోసారి పక్కన కూర్చుని నీ డిజైన్ మీద ప్రశ్నలు అడగమను, ఇదెందుకు ఇలా పెట్టావు, ఈ టేబుల్ లో ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఏంటి, ఇంటర్నెట్ పోతే ఏంటి, అని. జవాబులు మాత్రం నువ్వే వెతుక్కో.

ప్రశ్న: అక్కా, నేను జీసీఎస్ఈ లో కంప్యూటర్ సైన్స్ తీసుకోలేదు, మ్యాథ్స్ లో 8 గ్రేడ్ (అన్నిటికంటే పైది 9) వస్తుందనుకుంటున్నా. ఏ లెవెల్ కి తీసుకోవాలనుంది కానీ టేస్టర్ క్లాస్ కి వెళ్తే నేను తప్ప అందరూ అబ్బాయిలే, అందరికీ ముందే పైథాన్ వచ్చు. ఇంటికొచ్చి ఏడ్చేశా. వద్దులే అనిపిస్తోంది.
— ఇయర్ 11, లెస్టర్

జవాబు: తల్లీ, వద్దు అనుకోకు. చాలా స్కూళ్ళు జీసీఎస్ఈ కంప్యూటర్ సైన్స్ ఉండాలని పట్టుబట్టవు, మ్యాథ్స్ లో 6 గానీ 7 గానీ అడుగుతాయి, నీకు 8 వస్తే ఆ విషయంలో ఎవరూ నిన్ను ఆపరు. మీ స్కూల్ రూల్ ఒకసారి అడిగి ఖాయం చేసుకో.

అమ్మాయిలు తక్కువ అన్నది నిజం, దాన్ని దాచి చెప్పను, యూకే మొత్తం మీద ఈ ఏ లెవెల్ రాసేవాళ్ళలో అమ్మాయిలు ఐదో వంతు కూడా లేరు. నాకు అది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ దేశంలో ఈ పని మొదలైనప్పుడు అలా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్‌లీ పార్క్ లో జర్మన్ల సంకేతాలు విప్పడానికి టామీ ఫ్లవర్స్ కట్టిన కొలాసస్ మెషీన్లని నడిపింది రెన్స్ అనే నేవీ అమ్మాయిలే, నీకంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు చాలామంది. ఆ తర్వాత స్టెఫనీ షర్లీ, చిన్నపిల్లగా 1939 లో శరణార్థిగా ఇంగ్లండ్ వచ్చిన ఆవిడ, 1962 లో పిల్లలున్న ఆడవాళ్ళతో ఇంటి నుంచే ప్రోగ్రామ్‌లు రాయించే కంపెనీ పెట్టింది. ఆడపేరుతో ఉత్తరం రాస్తే జవాబు రావట్లేదని స్టీవ్ అని సంతకం పెట్టేది. కాంకర్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ వాళ్ళు చేసిందే.

ఆ అబ్బాయిలకి ముందే పైథాన్ వచ్చు అన్నావు. వాళ్ళకి సింటాక్స్, అంటే కోడ్ రాసే తీరు వచ్చు, అంతే. మొదటి టర్మ్ లో ఆ తేడా కనపడుతుంది, బిగ్ ఓ (డేటా పెరిగితే టైమ్ ఎలా పెరుగుతుందో చెప్పే లెక్క), రికర్షన్, బూలియన్ ఆల్జీబ్రా మొదలయ్యేసరికి అందరూ ఒకే గీత మీద ఉంటారు, అక్కడ నీ మ్యాథ్స్ అక్కరకొస్తుంది. జూన్ లో పరీక్షలైపోయాక నీకు రెండు నెలలపైనే సెలవులు, రోజుకి ముప్పావుగంట పైథాన్ చెయ్యి, వేరియబుల్స్, ఇఫ్, లూప్స్, లిస్టులు, ఫంక్షన్లు, అంతవరకు వస్తే చాలు. అడా కంప్యూటర్ సైన్స్ అని ఉంది, రాస్‌ప్‌బెర్రీ పై ఫౌండేషన్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కలిసి నడిపేది, పూర్తిగా ఫ్రీ, పాఠం చదివి వెంటనే ప్రశ్నలు చెయ్యొచ్చు. నీ ఫ్రెండ్స్ లో ఇంకో అమ్మాయి ఎవరన్నా ఊగిసలాడుతుంటే లాక్కురా, ఇద్దరుంటే క్లాసులో చాలా తేడా ఉంటుంది, ఇది నేను కళ్ళారా చూసిన విషయం.

ప్రశ్న: మేడమ్, మేము వరంగల్ నుంచి బర్మింగ్‌హామ్ వస్తున్నాం, జాబ్ ట్రాన్స్‌ఫర్. పాప ఇంటర్ ఎంపీసీ ఫస్ట్ ఇయర్ అయిపోయింది. ప్రోగ్రామింగ్ అస్సలు తెలియదు. అక్కడ ఏ లెవెల్ కంప్యూటర్ సైన్స్ తీసుకోవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: తీసుకోవచ్చండి. ఇయర్ 12 నుంచి మొదలెట్టించండి, ఒక ఏడాది పోతుందని ఇయర్ 13 లో వెయ్యమని అడగొద్దు, ఏ లెవెల్ పరీక్షలన్నీ రెండో ఏడు చివర్లోనే ఉంటాయి, సగం సిలబస్ వదిలేసి మధ్యలో దూకితే పాపకే కష్టం.

పాప చేతిలో ఉన్నది తక్కువేం కాదు. మ్యాథ్స్ 1ఏ లో మొదటి చాప్టర్ ఫంక్షన్లు, డొమైన్, కోడొమైన్ అని చదివింది కదా, ఏక్యూఏ లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అదే మాటలతో మొదలవుతుంది. మ్యాథమెటికల్ ఇండక్షన్ చేసినవాళ్ళకి రికర్షన్ తొందరగా ఎక్కుతుంది, మొదటి మెట్టు నిజం, ఒక మెట్టు నిజమైతే తర్వాతిదీ నిజం, అదే ఆలోచన. కష్టం ఎక్కడొస్తుందంటే వాక్యాలు రాయడంలో. మన దగ్గర లెక్క చేస్తే మార్కు, ఇక్కడ ఓసీఆర్ లో అయితే 9 మార్కుల, 12 మార్కుల ప్రశ్నలు ఉంటాయి, ఒక కంపెనీ జనం డేటా తీసుకోవడం మంచిదా కాదా అని రెండు వైపులా వాదించి ఒక నిర్ణయం చెప్పాలి. కంప్యూటర్ మిస్‌యూజ్ యాక్ట్ 1990 లాంటి ఇక్కడి చట్టాలు కూడా చదవాలి. వచ్చిన మొదటి రోజు నుంచే వారానికి ఒక పెద్ద ఆన్సర్ రాసి టీచర్ కి చూపించమనండి.

ప్రశ్న: హైదరాబాద్ లో కేంబ్రిడ్జ్ ఏ లెవెల్స్ స్కూల్ లో బాబుని చేర్పిస్తున్నాం. కంప్యూటర్ సైన్స్ ఉంది కాబట్టి కెమిస్ట్రీ వదిలెయ్యొచ్చా?
— కొండాపూర్

జవాబు: ఇండియాలో ఇంజనీరింగ్ ఆలోచన కొంచెం ఉన్నా వదలకండి. జేఈఈ, ఈఏపీసెట్ రెండిట్లో అడిగేది మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఆ మూడూ ఉంచి కంప్యూటర్ సైన్స్ నాలుగోదిగా మొయ్యగలడా అన్నది చూసుకోండి. బయటి దేశాలకే వెళ్తాడు, ఖాయం అంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ సరిపోతాయి. మీ బాబుది కేంబ్రిడ్జ్ కంప్యూటర్ సైన్స్ సిలబస్, దాని కోడ్ 9618, ఇంగ్లండ్ లో లాగా ప్రాజెక్ట్ ఉండదు, నాలుగు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు, నాలుగోది మాత్రం రెండున్నర గంటలు కంప్యూటర్ మీదే ప్రోగ్రామ్‌లు రాయాలి.

ప్రశ్న: నేను పాతికేళ్ళుగా ఐటీ లోనే ఉన్నాను. ఇప్పుడు ఏఐ కోడ్ రాసేస్తుంటే, చుట్టూ లేఆఫ్‌లు చూస్తుంటే మా అమ్మాయిని ఈ సబ్జెక్ట్ లోకి పంపాలంటే మనసు రావట్లేదు. మీరు నిజాయితీగా చెప్పండి.
— మిల్టన్ కీన్స్

జవాబు: అన్నయ్యా, ఐదారేళ్ళ తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో నేను హామీ ఇవ్వను, ఇచ్చేవాళ్ళని నమ్మకండి కూడా. నేను చెప్పగలిగింది ఈ సబ్జెక్ట్ లో ఏముందో. ట్యూరింగ్ మెషీన్ 1936 నాటిది, అప్పటికి ఇప్పుడు మనం అనుకునే కంప్యూటరే లేదు. డైక్‌స్ట్రా అల్గోరిథమ్ అచ్చయింది 1959 లో. బూలియన్ ఆల్జీబ్రా జార్జ్ బూల్ ది, 1854 లో పుస్తకం వచ్చింది, పిల్లలు రోజూ వాడే డి మోర్గాన్ సూత్రాల డి మోర్గాన్ అయితే 1806 లో మన పక్కన మదురైలో పుట్టినాయన. పాతికేళ్ళలో మీరు ఎన్ని లాంగ్వేజ్‌లు, ఎన్ని ఫ్రేమ్‌వర్క్‌లు వచ్చి పోవడం చూసుంటారు, ఇవి మాత్రం కదల్లేదు. ఏఐ రాసిచ్చిన కోడ్ పది మందికి పనిచేసి పది లక్షల మందికి కూలిపోతుందా, అందులో ఎవరైనా దూరే సందు ఉందా అని చూసి చెప్పాలంటే ఇవే కావాలి, మీ ఆఫీసులో ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో మీకు బాగా తెలుసు.

అమ్మాయికి ఇష్టం ఉందా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది అడగండి. ఇష్టం ఉంటే పంపండి. థియరీ కంటే చేతిపని నచ్చే పిల్ల అయితే డిజిటల్ టీ లెవెల్ అని ఇంకో దారి ఉంది, మూడు ఏ లెవెల్స్ కి సమానంగా లెక్కేస్తారు, కనీసం 45 రోజులు ఒక కంపెనీలో నిజమైన పని చెయ్యాలి, ఆ తర్వాత డిగ్రీ అప్రెంటిస్‌షిప్ (ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదవడం) కి కూడా అది బాగా పనికొస్తుంది. ఏదీ తేలకపోతే మీ ఊళ్ళోనే బ్లెచ్‌లీ లో నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ ఉంది, కొలాసస్ ని మళ్ళీ కట్టి నడుపుతున్నారు, ఇద్దరూ కలిసి వెళ్ళి రండి, దారిలో మాట్లాడుకోవడానికి టైమ్ కూడా దొరుకుతుంది.

ప్రశ్న: ఏ ల్యాప్‌టాప్ కొనాలి? గేమింగ్ ది కావాలంటున్నాడు, కంప్యూటర్ సైన్స్ కి తప్పదంట.
— స్లౌ

జవాబు: తప్పదేం కాదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, 16 ఉంటే హాయి, ఈ సిలబస్ లో గ్రాఫిక్స్ కార్డ్ అడిగేది ఏదీ లేదు. క్రోమ్‌బుక్ మాత్రం వద్దు, సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి ఇబ్బంది పడతాడు. కొన్ని స్కూళ్ళు పైథాన్ చెప్తాయి, కొన్ని సీ షార్ప్, కొన్ని జావా, కాబట్టి సెప్టెంబర్ లో క్లాసులు మొదలయ్యాక టీచర్ ని ఏ లాంగ్వేజ్, ఏ ఎడిటర్ అని అడిగి అప్పుడు కొనండి. మిగిలిన డబ్బులో ఒక మంచి పెన్ డ్రైవ్ కొనివ్వండి, ప్రాజెక్ట్ ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి, ఒకటి అందులో, ఒకటి స్కూల్ ఇచ్చిన ఆన్‌లైన్ డ్రైవ్ లో.